తాళం వేసిన మనిషి

హేమశ్రీ రైఫిల్ పెట్టె నాలుగడుగుల పైచిలుకు పొడవు. నల్లటి గట్టి ప్లాస్టిక్కు, లోపల గుంటలు కోసిన స్పాంజి, బయట రెండు కొక్కేలు. పెందుర్తిలోని ఆ రెండు గదుల వాటాలో దాన్ని ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరి కాలికి తగిలేది. దుర్గ మూడేళ్లుగా దాన్ని మంచం కింద నుంచి లాగి, తుడిచి, మళ్లీ మంచం కిందికే తోస్తోంది. ఆమెకు తుపాకుల సంగతి తెలియదు గానీ, ఆ పెట్టెలో ఏ వస్తువు ఏ గుంటలో ఉండాలో కళ్లు మూసుకుని చెప్పగలదు.

ఆ రోజు పొద్దున్న పెట్టెను చాప మీద పెట్టుకుని ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. సాయంత్రం నాలుగింటి విమానానికి హేమశ్రీ ఢిల్లీ వెళ్లాలి. మర్నాడు ఎనిమిదింటికి అక్కడ జూనియర్ రైఫిల్ షూటింగ్ రెండో సెలక్షన్ పోటీ. రెండు పోటీల సగటు చూసి ఎనిమిది మందిని శిక్షణ శిబిరానికి తీసుకుంటారు. మొదటిదాంట్లో హేమశ్రీ నాలుగో స్థానంలో ఉంది. వచ్చే జనవరికి జూనియర్ వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరు. కోచ్ ఉమామహేష్ మిగతా పిల్లల్ని తీసుకుని రెండు రోజుల ముందే రైల్లో వెళ్లిపోయాడు. నిన్నటిదాకా డిగ్రీ పరీక్షలు ఉండబట్టి ఈ పిల్లకి విమానం తప్పలేదు. ఒంటరిగా వెళ్లడం, విమానం ఎక్కడం, రెండూ మొదటిసారే.

ఉమామహేష్ ముందురోజు ఫోనులో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. దుర్గ వాటిని పాత క్యాలెండరు వెనక రాసుకుంది. రైఫిల్‌కి బిగించే గాలి సిలిండరు పూర్తిగా ఖాళీ చెయ్యాలి. రైఫిల్ సంఘం ఇచ్చిన ఉత్తరం మూడు కాపీలు ఉండాలి. గురి చూసే సైటు సున్నితం, ఖరీదు కూడా, అది చేతి సంచిలో పెట్టుకోవాలి. గొలుసులూ దిద్దులూ సామానులో వెయ్యకూడదు. కౌంటరులో తుపాకీ ఉందని ముందే చెప్పాలి. వాళ్లు పెట్టె తెరిపించి చూసి, తాళం వేయించి పంపుతారు. తాళం తీసే వీలు ప్రయాణం చేసే మనిషికి తప్ప ఇంకెవరికీ ఉండకూడదు.

దుర్గ ఒక్కొక్కటీ చదువుతుంటే హేమశ్రీ ఒక్కొక్కటీ సర్దింది. సైటును పాత నూలుచీర ముక్కలో చుట్టింది దుర్గే. అంతా అయ్యాక హేమశ్రీ చిన్న ఇత్తడిరంగు తాళం తీసింది. మూడు అంకెలు తిప్పితే తెరుచుకునేది.

"ఏటిది, అంకెల తాళవా?" అన్నాడు ఎల్లాజీ.

"సార్ ఇచ్చారు నాన్నా. నంబరు నాకు తప్ప ఎవరికీ తెలీదు."

"మీ సార్‌కి తుపాకీ తెలుసు. తాళం నాకు తెలుసు. ఇది సెవి కాడెట్టుకుని తిప్పితే పద్మనాభంలో గొర్రెలు కాసుకునేవోడు కూడా తీసీగలడు. మీ మావయ్య పెట్టెకున్నదేటి? ఇలాటిదే కదా?"

మావయ్య అంటే ఎల్లాజీ అక్క భర్త నరసింహమూర్తి. నిరుడు మస్కట్ నుంచి వస్తుంటే, ఎక్కడ జరిగిందో ఏమో, సూట్‌కేసులో పెట్టిన గొలుసు ఇంటికి వచ్చేసరికి లేదు. ఆ గొలుసు పోయిన దగ్గర నుంచి విమానంలో వేసిన సామాను అంటే ఎల్లాజీ దృష్టిలో నడిరోడ్డు మీద వదిలేసిన సామానే.

"ఎవరో జిప్పు కోసేసేరండీ. తాళం తాళంలాగే ఉంది. వదినే చెప్పింది," అంది దుర్గ.

"ఉంటే? బంగారం ఉందేటి?"

ఎల్లాజీతో మాట్లాడితే చాలాసార్లు అక్కడికే వచ్చి ఆగేది.

అతను లోపలికి వెళ్లి తన డ్యూటీ సంచిలోంచి ఒక ఎర్ర తాళం తెచ్చాడు. మిల్లులో అతనికి ఇచ్చిన రెండింటిలో ఒకటి. గాజువాక అవతల ఇనుప మిల్లులో అతను ఎలక్ట్రీషియను. అక్కడ మోటారు విప్పాలంటే ముందు కరెంటు ఆపి, ఆ స్విచ్చుకి పనిలో దిగే ప్రతి మనిషీ తన తాళం తాను వేసుకుంటాడు. తాళానికి ఒక అట్ట వేలాడుతుంది. దాని మీద ఫొటో, పేరు, టోకెన్ నంబరు, కింద 'డేంజర్, మనిషి పనిలో ఉన్నాడు' అని. తాళంచెవి వేసినవాడి జేబులోనే ఉంటుంది. అతను తప్ప, మేనేజరు వచ్చినా ఆ తాళాన్ని ముట్టుకోకూడదు.

ఇది అతనికి వట్టి రూలు కాదు. పాతికేళ్ల కిందట ఇంకో చిన్న మిల్లులో పనిచేసేటప్పుడు, షిఫ్టు అయిపోయింది, మనిషి ఇంటికి వెళ్లిపోయి ఉంటాడనుకుని ఎవరో తాళం కోసి కరెంటు ఇచ్చేశారు. బాబీ అనే కుర్రాడు ఇంకా లోపలే ఉన్నాడు. ఎల్లాజీయే తన చేతులతో అతన్ని బయటికి తీశాడు. పెళ్లైన కొత్తలో ఒకసారి ఆ సంగతి దుర్గకి చెప్పాడు. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

కొక్కెంలోకి తాళం దూర్చి, నొక్కి, రెండుసార్లు గట్టిగా లాగి చూశాడు. అట్ట సరిగ్గా వేలాడేట్టు తిప్పాడు. తాళంచెవి చొక్కా ఎడమ జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా రోజుకు నాలుగుసార్లు చేసే పని, చెయ్యి దానంతట అదే చేసుకుపోయింది. దుర్గ చూసింది. ఆటో దిగేటప్పుడు ఇస్తాడులే అనుకుంది.

"నాన్నా, ఆ అట్ట ఎందుకు? నీ ఫొటో చూసి భయపడతారు," అంది హేమశ్రీ నవ్వుతూ.

"భయపడాలనే. ఉండనీ."

తల్లీ కూతురూ పెట్టెతో ఆటో ఎక్కారు. వెనక ఎల్లాజీ బండి మీద వచ్చాడు. రెండింటికి అతని షిఫ్టు. ఎయిర్‌పోర్టులో పెట్టెను ట్రాలీ మీద తనే ఎక్కించి, అటూ ఇటూ కదిపి చూసి, కూతురి నెత్తిమీద చెయ్యి వేశాడు.

"ఎల్తన్నానమ్మా. పెట్టెకేటీ అవదు, నాది పూచీ. నువ్వు గురి మీదుండు."

అతను వెళ్లేసరికి ఒంటిగంట అయింది. కూతురు సెక్యూరిటీ దాటి లోపలికి వెళ్లేవరకూ ఉంటానని దుర్గ గాజు గోడకి ఇవతల నిలబడింది. అక్కడి నుంచి కౌంటరు సగమే కనిపిస్తోంది. కూతురి ఎర్ర రిబ్బను, పక్కన నిలువుగా ఆ పెట్టె.

తుపాకీ అనగానే కౌంటరు పిల్ల పక్కకి నిలబడమంది. పై అధికారి రావాలంది. ఆయన వచ్చేసరికి రెండు దాటింది. కాగితాలన్నీ చూసి బాగున్నాయన్నాడు. ఆ తర్వాత ఆయన కళ్లు అట్ట మీద పడ్డాయి.

"ఏంటమ్మా డేంజరు? లోపల ఏముంది? ఈ ఫొటోలో ఉన్నాయన ఎవరు?"

"మా నాన్నండీ."

"పనిలో ఉన్నాడని రాసుంది. పెట్టెలోనా?"

లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. హేమశ్రీ కూడా నవ్వింది. తెరవమనేసరికి బ్యాగులో చెయ్యి పెట్టింది. అప్పుడు ఆగిపోయింది.

దుర్గ ఫోను మోగింది.

"అమ్మా, తాళంచెవి నీకిచ్చేడా నాన్న?"

ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే దుర్గకి ఆ ఎడమ జేబూ, గుండీ కళ్ల ముందు కనిపించాయి.

చెవి లేకపోతే తాళం కోస్తామంటున్నారని కూడా చెప్పి హేమశ్రీ ఫోను పెట్టేశాక, దుర్గ ఎల్లాజీకి నాలుగుసార్లు చేసింది. ఎత్తలేదు. పనిలోకి దిగితే అతను ఫోను తనతో ఉంచుకోడు. తాతబాబు అని అతనితో పనిచేసే మనిషి నంబరు ఉంది. వాళ్లింటి పేరంటానికి వెళ్లినప్పుడు వాళ్లావిడ ఇచ్చింది. అతను ఎత్తాడు.

"అక్కా, బావ ఇప్పుడే పేనెల్‌కి తాళం ఏసీసి మోటారు కాడికి దిగేడు. పిలుత్తానుండు."

"ఒక్కమాట తాతబాబూ. ఆయన ఇప్పుడు బయటికి రావాలంటే ఎంతసేపు పడుతుంది?"

"తాళం తియ్యాలి, పైనోళ్లకి సెప్పాలి, పని ఇంకోడికి అప్పసెప్పాలి, గేటు కాడ సంతకాలు. ఇరవై నిముషాలు, తక్కువవదు. ఏటైందక్కా?"

రెండు ఇరవైకి ఎల్లాజీ గొంతు వినిపించింది. వెనక మిల్లు రొద.

"తాళంచెవి మీ దగ్గరే ఉండిపోయిందండీ."

అతని చెయ్యి జేబు మీదకి వెళ్లిందని ఆమెకి తెలిసింది.

"ఉంది," అన్నాడు. "ఉండక ఏటవుద్ది? ఏసినోడి కాడే ఉంటాది."

"తెరిచి చూపించమంటన్నారు. చెవి లేకపోతే తాళం కోసేస్తారంట. వాళ్ల దగ్గర కట్టర్ ఉందంట, దీనికి ఒప్పుకున్నట్టు హేమ కాగితం రాసిస్తే చాలంట. సార్ ఇచ్చిన తాళం సంచిలోనే ఉంది, అది వేసేసుకోవచ్చు."

"కొయ్యడవేటి? ఎవుడు కోత్తాడు? నా తాళం మీద సెయ్యెయ్యొద్దని సెప్పు. అట్ట మీద రాసుంది కదా!"

"ఇది మిల్లు కాదండీ."

"తాళం ఎక్కడైనా తాళవే. నాను వచ్చీత్తన్నాను. అరగంట. నానొచ్చేవరకూ ఎవులూ ముట్టుకోకూడదు. పిల్లకి నాను సెప్తాను."

దుర్గ ఫోను దింపి లెక్క వేసుకుంది. లెక్కల్లో ఆమె తప్పదు. వంటగ్యాసు ఏ వారం అయిపోతుందో చెప్పే మనిషి. ఇరవై నిముషాలు మిల్లులోనే పోతే రెండు నలభై. అక్కడ నుంచి గాజువాక, ఆ తర్వాత షీలానగర్ దగ్గర పోర్టు నుంచి వచ్చే కంటైనర్ లారీలు. ఈ వేళప్పుడు ముప్పై అయిదు నిముషాలు. మూడూ పదిహేను. కౌంటరు మూడింటికి మూసేస్తారు. టికెట్టు మీద ఉంది, ఆమే చదివింది.

మళ్లీ ఫోను మోగింది.

"అమ్మా, నాన్న వద్దంటన్నాడు. ఇక్కడ కట్టర్ పట్టుకుని మనిషి నిలబడే ఉన్నాడు. ఆఫీసరుగారు మంచోరే, అయిదు నిముషాల పనంటన్నారు. నేనేటి చెయ్యను? నువ్వు చెప్పు. నువ్వు కొయ్యమంటే కోయించేస్తాను."

గాజుకి అవతల ఆ పిల్ల ఇటే తిరిగి నిలబడింది. మొహం స్పష్టంగా కనిపించడం లేదు. ఎర్ర రిబ్బను కనిపిస్తోంది.

ఆరేళ్ల కిందట ఒకసారి బీరువా తాళంచెవి ఎల్లాజీ జేబులోనే వెళ్లిపోయింది. లోపల హేమశ్రీ హాల్ టికెట్ ఉండిపోతే దుర్గ తాళాలు తీసే మనిషిని పిలిపించి తలుపు తెరిపించింది. పిల్ల పరీక్ష రాసింది. కానీ ఆ తర్వాత పెళ్లిళ్లలో, పేరంటాల్లో, నలుగురు కలిసిన ప్రతిచోటా ఆ బీరువా కథ నడిచింది. "మా ఆవిడకి ఓపికెక్కడిది? తలుపులు బద్దలుకొట్టీసే రకం." అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఇంట్లో మాత్రం నెల రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. పెట్టిన అన్నం తిని, కంచం తనే కడుక్కుని వెళ్లిపోయేవాడు. ఆ కంచం కడుగుతున్న చప్పుడు ఆమె చెవుల్లో ఇప్పటికీ ఉంది.

బి.ఏ. చదివింది తను. ఎవరు చెప్పేది సబబో, ఎవరిది మంకుపట్టో తెలుసు. మూడూ పదిహేను అని తెలుసు.

"ఆగమ్మా," అంది. "బయల్దేరిపోయేరు. వచ్చేస్తారు."

బయల్దేరలేదు. అప్పటికి పేనెల్ దగ్గర తాళం తీస్తూ ఉండి ఉంటాడు.

"నిజంగా బయల్దేరేడా?"

"ఊ."

రెండు నలభై అయిదుకి హేమశ్రీ మళ్లీ చేసింది. కట్టర్ మనిషికి వేరే పని ఉందట, వెళ్లిపోతానంటున్నాడట. దుర్గ "ఇంకో అయిదు నిముషాలు" అంది. రెండు యాభై మూడుకి హేమశ్రీ చెయ్యలేదు, దుర్గే చేసింది. "కోయించెయ్యమ్మా," అంది.

"ఆయన వెళ్లిపోయేడమ్మా," అంది హేమశ్రీ. "మళ్లీ పిలిపించాలంట. పిలుస్తన్నారు."

కట్టర్ మళ్లీ వచ్చింది. మూడూ నాలుగుకి వచ్చింది. అప్పటికి కౌంటరు పిల్ల కంప్యూటరు కట్టేసి, పక్క లైనుకి వెళ్లిపోయింది.

ఎల్లాజీ మూడూ పదిహేడుకి వచ్చాడు. హెల్మెట్ తియ్యలేదు, మిల్లు బట్టలు మార్చలేదు. తాళంచెవి చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. హేమశ్రీ ట్రాలీ తోసుకుంటూ బయటికి వస్తోంది.

"ఇదిగో, వచ్చీసేను! ఏటి, బయటికొచ్చీసేవేటి? పద లోపలికి!"

ట్రాలీ ఆపి, అతనే వంగి, అక్కడే నడవలో, తాళం తీశాడు. ఒక్క క్షణం పట్టలేదు. "సూడు, ఎంతసేపు? ఒక్క నిముషం. ఈమాత్రానికి ఆగలేరా ఈళ్లు?" గేటు దగ్గర ఉన్న పోలీసుతో గొడవ పెట్టుకున్నాడు. తర్వాత విమానం ఉంటే దాంట్లో వెయ్యమన్నాడు. సాయంత్రం ఇంకో కంపెనీ విమానం ఒకటి ఉంది. తుపాకీ తీసుకెళ్లాలంటే వాళ్లకి ముందురోజే చెప్పి ఉండాలట. తుపాకీ లేకుండా పిల్ల ఒక్కత్తే వెళ్లొచ్చు. ఢిల్లీలో అరువు తుపాకీతో కాల్చొచ్చు కదా అన్నాడు ఎల్లాజీ.

"నీ కళ్లజోడు తాతబాబు మావయ్యకి పెడితే మోటారు విప్పుతాడా నాన్నా?" అంది హేమశ్రీ. చాలా నెమ్మదిగా అంది.

ఇంటికి చేరేసరికి అయిదు. పెట్టె మంచం కిందికి వెళ్లింది. ఎల్లాజీ కుర్చీ లాక్కుని ఉమామహేష్‌కి ఫోను చేశాడు. స్పీకర్ పెట్టాడు. అతనెప్పుడూ అలాగే మాట్లాడతాడు.

"సార్, ఈ విమానాలోళ్లు మా పిల్లని ఆపీసేరు సార్. అన్ని కాగితాలూ ఉన్నాయి. ఆఫీసరు రెండు దాటేక గానీ రానేదు. ఊరికే ఇబ్బంది పెట్టీసేరు. ఇదిగో, మా ఆవిడ అక్కడే ఉంది, అడగండి. సెప్పు, సార్‌కి సెప్పు ఏటి జరిగిందో."

ఫోను ఆమె వైపు చాపాడు. సెప్పు అని కళ్లతో అన్నాడు. లోపలి గది తలుపు ఓరగా ఉంది.

"సార్, వాళ్ల తప్పేం లేదండీ," అంది దుర్గ. "తాళంచెవి ఈయన దగ్గర ఉండిపోయింది. వాళ్లు తాళం కోస్తామన్నారు. మీరిచ్చిన తాళం సంచిలోనే ఉంది. ఈయన వద్దన్నారు. పిల్ల నన్నడిగింది, కోయించెయ్యనా అని. టైముకి రాలేరని నాకు తెలుసండీ. తెలిసి ఆగమన్నాను. బయల్దేరిపోయారని అబద్ధం కూడా చెప్పాను."

ఫోనులో అవతల ఎక్కడో మైకులో ఎవరివో పేర్లు చదువుతున్నారు.

"రేపు పొద్దున్న ఆ పిల్ల కాల్చాల్సిన లేన్ ఖాళీగా ఉంటుంది మేడమ్," అన్నాడు ఉమామహేష్. "మొదటిది నాలుగో స్థానం కదా, కనీసం ఎనిమిదిలో ఉండేది. ఈ మాట నాకు చెప్పి ఏం లాభం చెప్పండి?" ఫోను పెట్టేశాడు.

ఎల్లాజీ ఆమె మొహంలోకి చూశాడు. కోపంగా కాదు. ఎవరో దారినపోయే మనిషి ఇంట్లోకి వచ్చి మాట్లాడినట్టు చూశాడు.

"బయటోళ్ల ముందు," అన్నాడు. కుర్చీ అటు తిప్పుకున్నాడు. ఆ నెల రోజులు మళ్లీ మొదలయ్యాయని దుర్గకి అర్థమైంది. తను భయపడిందంతా ఎలాగూ జరుగుతోంది. మధ్యాహ్నం ఆగమని చెప్పి తను తప్పించుకున్నదేమీ లేదు.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. హేమశ్రీ వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. జడకి రిబ్బను ఇంకా అలాగే ఉంది.

"నాన్నకి కోపం వస్తుందనే కదమ్మా?"

"ఊ."

"నాకొస్తుందని అనుకోలేదు నువ్వు."

దుర్గ తిరిగి చూసేసరికి ఆ పిల్ల అక్కడ లేదు. లోపలి గది తలుపు గడియ పడిన చప్పుడైంది. ముందు గదిలోంచి ఎల్లాజీ ఎవరి పేరూ పిలవకుండా టీ అడిగాడు. ఆమె పొయ్యి వెలిగించి గిన్నె పెట్టింది.